పదిహేడో బ్లాకులో మూటలు

మార్చి 3

తెల్లవారాక చెప్పులు విడిచి నలభై ఎకరాలూ చుట్టి వచ్చాను. దేన్నీ ముట్టుకోలేదు. నూలుగుంటలో ఈ వారం కోటా బెల్లం నీళ్ళు పోశాను. ఎప్పటిలాగే క్షణంలో తాగేసింది.

బ్లాకు యజమానులందరం ఈ నోటు రాయాలి. పై ఆఫీసులో దీన్నెవరూ చదవరని నాకు తెలుసు. జూన్‌లో మాత్రం చదువుతారట. ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌వలీగారు ఫోన్ చేసి చెప్పారు, కొండ మీదున్న నలభై రెండు బ్లాకుల్లో ఈ ఏడాది ఆదర్శ బ్లాకు నాదేనట. తొమ్మిదేళ్ళలో ఒక్క కొమ్మ కూడా నరకని యజమానిని నేనొక్కదాన్నే. 'కోసూరి మంగతాయారు, పదిహేడో బ్లాకు' అని బోర్డు కూడా రాయిస్తున్నారు. సంతోషంగానే ఉంది, దాచుకోవడం దేనికి?

పెద్ద కరువు తర్వాత ఈ కొండల్ని ముక్కలు చేసి మాబోటి వాళ్ళకు పంచారు. పట్టా ఇచ్చిన రోజున యజమానిని గుంటలో గంటసేపు వట్టికాళ్ళతో నిలబెట్టారు. ఆ గుంటలో ఉండే బూజుదారాన్నే మేం నూలంటాం. అది యజమాని పాదాన్ని గుర్తుపెట్టుకుని, నేలకింద చెట్టు నుంచి చెట్టుకి పాకి, ఆ మనిషి నడకను బట్టీ చేతల్ని బట్టీ నీళ్ళను మళ్ళిస్తుంది. అందుకే ఏళ్ళు గడిచేకొద్దీ ఎవరి అడవి వాళ్ళలాగే తయారవుతుంది. పక్కనున్న పదహారో బ్లాకు రైసుమిల్లు అప్పారావుగారిది. అక్కడ చెట్లన్నీ ఒకే లావు, ఒకే ఎత్తు. సైజుకి రాని మొక్క దానంతటదే ఎండిపోతుంది. పదకొండో బ్లాకు ఒకప్పటి బస్సు డిపో మేనేజరుగారిది. అక్కడ జింకలు కూడా నీళ్ళకి టైముకొస్తాయని మేం నవ్వుకుంటాం.

నా బ్లాకులో మాత్రం నేను కనపడను. దాన్ని దాని మానాన వదిలేశాను. అప్పారావుగారిలా ఒక వ్యాపారం, ఒక అలవాటు వెంట తెచ్చుకున్నదాన్ని కాదు. ఏమీ లేకుండా వచ్చాను, ఏమీ అంటించలేదు. ఆ గర్వం నాకుంది.

మార్చి 9

పై గట్టున, ఘాట్ రోడ్డు వైపు, మూడు మూటలు కనిపించాయి. అడ్డాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, అడ్డతీగతో బిగించి ఉన్నాయి. ఒక్కొక్కటీ కొబ్బరికాయంత ఉంది.

కింద గూడెం వాళ్ళ పనే అనుకుని ఒళ్ళు మండింది. మా వాలు దిగితే వాగు పక్కన కొండరెడ్ల ఇళ్ళు పద్నాలుగు ఉన్నాయి. ఒక మూట పట్టుకుని దిగాను. మొదటింట్లో కత్తుల బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుడుతోంది. చుట్టూ అడ్డాకులే. దొంగ దొరికిందనుకున్నాను.

"బుల్లెమ్మక్కా, మీవాళ్ళు నా బ్లాకులో ఆకు కోస్తున్నారా?"

ఆమె పుల్ల గుచ్చడం ఆపలేదు. "మేం ఆకు కోత్తే దొంతులెడతాం. మూటలు కడతామా?" అంది.

"మరి ఇదెవరు కట్టారు?"

మూట చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. గబుక్కున కింద పెట్టేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. "తీగని ఎవరూ కొయ్యలేదు తాయారమ్మా. సూడు, కత్తి పడ్డ గాటే లేదు. మొదులు మీ అడవిలో ఎక్కడో ఉండుంటాది. పెరుగుతా పెరుగుతా సుట్టుకుంది."

తీగలు మూటలు కట్టుకుంటాయా అని విసుక్కుని వచ్చేశాను. నిజానికి బుల్లెమ్మ ముందు నేనెక్కువసేపు నిలబడలేను. ఆరేళ్ళ కిందట ఆమె కూడా ఒక బ్లాకు కోసం అర్జీ పెట్టుకుంది. ఇరుగుపొరుగు యజమానుల అభిప్రాయం అడిగారు. 'పోడు కొట్టుకునే కుటుంబం, నరికే అలవాటుంది' అని రాసిచ్చాను. అర్జీ కొట్టేశారు. ఆ సంగతి ఆమెకు తెలీదు.

మార్చి 16

మూటలు ఇప్పుడు నలభై మూడు. అన్నీ పై గట్టునే, రోడ్డుకేసి వరసగా ఉన్నాయి. ఒక్కోదాని వెనకాల తీగను పట్టుకుని వెళ్ళాను. బుల్లెమ్మ చెప్పినట్టే, కొసలన్నీ లోపలికి, అడవి నడిమధ్యకి పోయాయి.

ఒకటి విప్పాను. లోపల గింజలు. ఉసిరి ఒక ఆకులో, కరక్కాయ ఒక ఆకులో, నల్లమద్ది ఒక ఆకులో. ఏది దానికది వేరుచేసి ఉన్నాయి. మార్చిలో ఈ గింజలన్నీ ఒక్కసారి రాలవు. మళ్ళీ కట్టబోతే ముడి చూశాను. అప్పటిదాకా ఎందుకు చూడలేదో తెలీదు. రెండు చుట్లు, ఒక బిగుతు ముడి, పైన చెయ్యి దూరేంత ఉంగరం.

అది మా అమ్మ ముడి.

మా ఊరు గోదారి ఒడ్డున ఉండేది. ఆనకట్ట నీళ్ళొస్తాయి, లేవండన్నారు. నాన్న లాంచీ సరంగు. ఖాళీ చేస్తామనే కాగితం మీద ఊళ్ళో మొదట సంతకం పెట్టింది ఆయనే. ఆ ఏడు నీళ్ళు రాలేదు, మరుసటేడూ రాలేదు. పదకొండు వానాకాలాలు అలాగే ఎదురుచూశాం. గోడకు మేకు కొట్టనిచ్చేవాడు కాదు నాన్న. పెరట్లో అరటిపిలక పాతనిచ్చేది కాదు అమ్మ. ఎలాగూ పోయేదానికి ఎందుకే, అనేది. సామానంతా మూటల్లో గుమ్మం పక్కనే ఉండేది. గిన్నె కావలిస్తే మూట విప్పి, వండుకుని, కడిగి, మళ్ళీ కట్టేసేవాళ్ళం. ఉన్నపళంగా ఎత్తుకోవడానికి ఆ ఉంగరం. నేను పెద్దమనిషినయింది కూడా ఆ మూటల మధ్యే. పన్నెండో ఏడు నీళ్ళొచ్చాయి. అందరికంటే ముందు గట్టెక్కింది మేమే.

ఈ ముడి నాకూ నా చెల్లెలు సత్యవేణికీ తప్ప లోకంలో ఎవరికీ రాదు. భయమేసింది. రాయడానికి సిగ్గేం లేదు.

మార్చి 24

అప్పారావుగారు వచ్చారు. రాత్రి గాలి లేకపోయినా మా హద్దు దగ్గర నల్లమద్ది ఒకటి ఆయన బ్లాకులోకి పడిందట.

ఇద్దరం వెళ్ళి చూశాం. చెట్టు విరగలేదు. వేళ్ళతో సహా లేచి, ఎగువకు తల పెట్టి పడుకుంది. వేళ్ళకు మట్టి లేదు, కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. వాలులో ఉన్న చెట్టు ఎగువకు ఎలా పడుతుందని ఆయన నన్నడిగారు. నేను నేల చూస్తున్నాను. ప్రతి చెట్టు మొదట్లోనూ జానెడు ఖాళీ ఉంది. వేళ్ళు మట్టిని వదిలేసి పైకి తేలి ఉన్నాయి. చెదపుట్టలు తట్టి చూస్తే డొల్లగా మోగాయి. చీమ కూడా లేదు. ఒక్క పిట్ట కూతైనా వినిపించిందా ఇవాళ అని ఆలోచించాను. వినిపించలేదు.

అప్పారావుగారు అడుగు వేయబోతే కాలు మోకాలి దాకా దిగబడింది. లాగి బయట పడేశాను.

"ఏవండీ తాయారుగారూ, ఇది నిలబడదండి. వానకి కొండ మొత్తం జారి గూడెం మీద పడుద్ది. నా మాటిని బ్లాకు నా పేర రాసేయండి. గుంటలో నే నిలబడతాను. నూలు నా కాలికి అలవాటు పడితే మెట్లు మెట్లుగా తీసి టేకు వేసేత్తాను."

"ఎన్నాళ్ళు పడుతుందండీ అలవాటు పడడానికి?"

"రెండేళ్ళండి."

"వానలు జూన్‌లో కదా."

ఆయన చెడ్డవాడు కాదు. పంచెకంటిన మట్టి దులుపుకుంటూ ఎంతో మామూలుగా అన్నారు, "గూడెం వాళ్ళని లేపించేత్తే సరిపోద్దండి. నెల ముందు కాగితం ఇత్తే సర్దుకుంటారు."

ఆయనకు టీ కూడా ఇవ్వలేదు.

ఏప్రిల్ 2

పై ఆఫీసుకు మూడోసారి ఫోన్ చేశాను. నూలు పరీక్షించే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మీ బ్లాకులో నూలు చాలా ఆరోగ్యంగా ఉందండీ. మొత్తం కొండ మీద యజమానికి ఇంతగా అలవాటు పడిన నూలు ఇంకోటి లేదు. అడవి అచ్చంగా మీరు నేర్పినట్టే నడుస్తోంది" అంది.

నేనేం నేర్పానమ్మా, తొమ్మిదేళ్ళలో వేలు పెట్టలేదే, అన్నాను.

ఏప్రిల్ 7

సత్యవేణికి రేపు కంటి ఆపరేషను. పునరావాస కాలనీలో ఒక్కతే ఉంటుంది, దానికి నేను తప్ప ఎవరూ లేరు. రెండు రోజులు తోడుండమంది. సంచీ సర్దుకుని ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాను.

మూడో మలుపు దగ్గర వెనక చప్పుడు వినిపించింది. తడిగుడ్డను నిదానంగా చింపుతున్నట్టుంది. ఆగాను. అదీ ఆగింది. నాలుగడుగులు వేశాను. మళ్ళీ మొదలయింది, ఈసారి చాలాచోట్ల నుంచి. తిరిగి చూశాను. గాలి లేదు. నా బ్లాకులో చెట్ల తలలన్నీ రోడ్డువైపు, నావైపు వంగి ఉన్నాయి. గట్టు మీది మూటలు తీగలతో సహా రోడ్డు అంచుకు వచ్చేశాయి.

చూస్తుండగానే ఒక పెద్ద గుగ్గిలం చెట్టు వేళ్ళు పైకి తీసుకుని, మెల్లగా, ఒద్దికగా ఎగువకు ఒరిగింది.

పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. పదకొండు చెట్లు పోయాయి. నేను గుడిసెలోకి వచ్చి సంచీ దించాక చప్పుడాగింది. సత్యవేణికి ఫోన్ చేసి రాలేనన్నాను. "నాకన్నా ఆ చెట్లే ఎక్కువైపోయాయా అక్కా నీకు?" అని ఏడ్చింది. అడవి కూడా నాతో బయల్దేరుతోందే అని ఎలా చెప్పను? దాని ఏడుపు వింటూ నేనూ ఏడ్చాను.

ఏప్రిల్ 12

బుల్లెమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో నా బ్లాకులో అడుగు పెట్టడం ఇదే మొదలు. వాలు మీంచి రెండు బండలు దొర్లి ఆమె దొడ్డి దగ్గర ఆగాయట.

అడవి చూసే ముందు నా గుడిసె చూసింది. నాలుగు రాళ్ళ మీద నిలబెట్టిన రేకుల గుడిసె, ఒక్క గుంజ కూడా నేలలోకి దిగలేదు. రేషన్ డిపో నుంచి తెచ్చుకున్న బియ్యం, కరెంటు పొయ్యి, గుమ్మం పక్కన నా బట్టల మూటలు, గిన్నెల మూట. నాకు తొమ్మిదేళ్ళుగా అవి కనపడనే లేదు. ఆమె వాటినే చూస్తుంటే మొదటిసారి కనపడ్డాయి.

"ఇక్కడ నువ్వేం తిన్నావు తాయారమ్మా?"

"అంటే?"

"ఈ అడివిలో. ఒక ఉసిరికాయ? ఒక మామిడికాయ? ఒక దుంప?"

"ముట్టుకోకూడదని కదా..."

"ఒక కట్టె కాల్సావా? ఒక గింజ జల్లావా? పోనీ, ఒకనాడైనా నీడలో కూకున్నావా?"

కూర్చోలేదు. నడిచాను, చూశాను, వచ్చేశాను.

"అందుకే మరి. రోజూ పొద్దున్నే సుట్టాల ఇంటికొచ్చినట్టు వత్తావు, ఏదీ ముట్టవు, ఎళ్ళిపోతావు. ఉండిపోయే మడిసి ఎంగిలి పడతాది. నువ్వు పడలేదు. దానికి తెలిసిపోయింది నువ్వెళ్ళిపోయేదానివని. అది కూడా సర్దుకుంటంది." అడవి వైపు తిరిగి అంది, "ఒక సెట్టు కొట్టు. గుంజలు పాతి ఇల్లు కట్టుకో. పొయ్యి పెట్టు."

నాకు కోపం వచ్చింది. నరికితే నా పట్టా రద్దవుతుంది. ముట్టని తరగతి పట్టా నాది, ఒక్క గొడ్డలి దెబ్బ పడినా చాలు. ఆ మాట చెబుతూ నోరు జారాను. "మీకేం, మీకు నరకడం అలవాటే" అన్నాను.

బుల్లెమ్మ నవ్వింది. అంత నిదానమైన నవ్వు నేను చూడలేదు. "ఆ మాటే కాయితం మీద కూడా రాసావంట కదా. ఆ ఏడే సెప్పారు నాకు."

తల ఎత్తలేకపోయాను. "అయినా నువ్వెందుకొచ్చావక్కా?" అన్నాను.

"కింద పద్నాలుగిళ్ళు. అందులో నాదొకటి" అంది.

ఏప్రిల్ 20

వారమంతా ఆలోచించాను. అప్పారావుగారు ఈ కొండకు వచ్చీ రాగానే కొలత తాడు తీశారు, ఎందుకంటే చిన్నప్పటినుంచీ బియ్యం గ్రేడు చేయడమే చూశారు. నేను వచ్చీ రాగానే చేతులు కట్టుకున్నాను. దాన్ని ప్రకృతి మీద ప్రేమ అనుకున్నాను, అందరూ అలాగే అన్నారు, బోర్డు కూడా రాయిస్తున్నారు. అది ప్రేమ కాదని ఇప్పుడు తెలుస్తోంది. పోయేదాని మీద మనసు పెట్టుకోకూడదని చిన్నప్పుడు పడిన భయం అది. నా బ్లాకులో నేను కనపడనని రాశాను. నిలువెత్తునా నేనే ఉన్నాను.

ఇవాళ ఉదయం వేగిస చెట్టు నరికాను. బుల్లెమ్మ దగ్గరుండి చూపించింది. "మొదట్లో మూడు జానలొదిలి కొట్టు. మళ్ళా సిగురేత్తాది." మొదటి దెబ్బకు అడవంతా బిగుసుకుంది. ఆకు కదల్లేదు. రెండో దెబ్బకు నా అరికాళ్ళ కింద నేల జివ్వుమంది. పది పన్నెండు దెబ్బలయ్యాక చేతులు బొబ్బలెక్కి ఏడుపొచ్చింది. "ఆపకు, సగంలో ఆపితే అది నీకూ పనికిరాదు, దానికీ పనికిరాదు" అని బుల్లెమ్మ కసిరింది.

చెట్టు పడింది. దిగువకు పడింది, చెట్టు పడాల్సిన తీరుగానే. పడ్డాక చాలాసేపు నేలకింద ఏదో కుదురుకుంటున్న కదలిక తెలిసింది. ఇద్దరం నిలబడి విన్నాం.

మే 6

గుంజలు నాలుగూ రెండు మూరల లోతున పాతాను. మట్టి గోడలు లేపాం, గూడెం ఆడవాళ్ళు వచ్చి సాయం పట్టారు. పొయ్యి వేశాను. కట్టెలకి చెట్టెక్కి ఎండుకొమ్మలు కొట్టాను. కింద గూడెంలో మామిడి కొత్త పండగ చేసుకునేదాకా తినకూడదని బుల్లెమ్మ ఆపింది, అది అయ్యాక నా బ్లాకులో మామిడికాయ కోసి తిన్నాను. పళ్ళు పులిశాయి. తొమ్మిదేళ్ళుగా ఆ చెట్టు కింద నడిచాను, దాని పులుపు తెలీదు నాకు.

బట్టల మూటలు విప్పి దండెం మీద వేశాను. గోడకు మేకు కొట్టాను. కొట్టేటప్పుడు నాన్న వెనకే నిలబడి వద్దంటున్నట్టు చెయ్యి ఒకటికి రెండుసార్లు ఆగింది.

ఈ ఉదయం గట్టు మీద మూటలన్నీ విప్పి ఉన్నాయి. ఎవరూ విప్పలేదు. తీగ చుట్లు వదులయి, ఆకులు ఒక్కొక్కటిగా నేలమీద పరుచుకుని ఉన్నాయి, బంతి భోజనానికి విస్తళ్ళు వేసినట్టు. మధ్యలో గింజలు. రెండు వందల పైచిలుకు విస్తళ్ళు, తినేవాళ్ళెవరూ లేకుండా. సంతోషించాల్సిన సంగతే. నేను మాత్రం వాటి మధ్య అడుగు పెట్టకుండా వెనక్కి వచ్చేశాను.

మే 19

వేళ్ళు దిగుతున్నాయి. పుల్ల పెట్టి కొలుస్తున్నాను, జానెడు ఖాళీ నాలుగు వేళ్ళయింది. చీమలొచ్చాయి. దిగువన అర ఎకరంలో చోళ్ళూ కందులూ చల్లాను. బుల్లెమ్మ తన జీలుగు చెట్లలో ఒకటి చూపించి, ఇక నించి ఇది నీదే, కల్లు గీయించుకో, అంది. వాళ్ళలో నేల ఎవరిదైనా చెట్టుకి వేరే యజమాని ఉంటాడు, కూతుళ్ళకి కూడా చెట్టు ఇస్తారు. నాకు ఇంతవరకు ఎవరూ చెట్టు ఇవ్వలేదు.

బుల్లెమ్మ అర్జీ విషయంలో ఆరేళ్ళ కిందట నేను రాసిన అభిప్రాయం తప్పు. ఆఫీసు వారు ఈ నోటు చదివితే ఈ వాక్యం కూడా చదవాలి.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఊగిసలాడుతున్నాను. కొత్త మట్టి నేల మీద తెల్లటి సన్న దారాలు వస్తున్నాయి. గుమ్మం దగ్గర మొదలయి, ఇప్పుడు నా చాప అంచుదాకా వచ్చాయి. ఊడ్చేస్తే మర్నాటికి మళ్ళీ అక్కడే ఉంటున్నాయి. సత్యవేణిని చూడాలని మనసు లాగినప్పుడు, లేచి గుమ్మం దాకా కూడా వెళ్ళకముందే, పొయ్యి మీద గిన్నె గణగణలాడుతోంది. ఇదివరకు నూలు నా అడుగును బట్టి తెలుసుకునేది. ఇప్పుడు అడుగు దాకా కూడా ఆగడం లేదు.

జూన్ 8

మొదటి వాన. పొద్దున తొమ్మిదింటికి మొదలయి మూడు గంటలు ఆగకుండా కొట్టింది. గూడెం వాళ్ళంతా బయట నిలబడి పైకి చూస్తున్నారు. నేను పైన నిలబడి కిందికి చూస్తున్నాను.

పై గట్టు దగ్గర, పదకొండు చెట్లు పోయిన చోట, కొండ విడిచింది. ఎకరం నేల బురదై జారింది. చోళ్ళ చేను మీంచి వచ్చి, బుల్లెమ్మ పశువుల పాకను తుడిచేసి, ఇంటికి ఇరవై అడుగుల ఇవతల ఆగింది. పశువులు ముందే తోలేశారు. మిగతా వాలంతా నిలబడింది. పద్నాలుగు ఇళ్ళూ ఉన్నాయి.

బుల్లెమ్మ వానలోనే పైకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

జూన్ 21

మస్తాన్‌వలీగారు వచ్చారు. జీపులో బోర్డు ఉంది, దించలేదు. మొద్దులు చూశారు, ఇల్లు చూశారు, బురదలో మిగిలిన చోళ్ళ చేను చూశారు. మంచి మనిషి, ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

"ఇలా చేశారేంటి మేడమ్? మిమ్మల్ని చూపించి మిగతావాళ్ళకి బుద్ధి చెబుదామనుకున్నాం."

అంతా చెప్పాను. ఆయన విన్నారు కానీ వినలేదు. రూలు చదివారు. పట్టా రద్దు, ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి, బ్లాకు అప్పారావుగారికి వెళుతుంది. నేను పోతే ఈ వాలు రెండేళ్ళు ఎవరి మాటా వినదండీ, అన్నాను. రిపోర్టులో రాస్తానన్నారు. కాగితం ముందుకు జరిపారు.

ఇక్కడ నిజం రాయాలి. నేను పోట్లాడలేదు. కాగితం చూడగానే చెయ్యి దానంతటదే కలం అందుకుంది. సంతకం పెట్టేశాను. లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది, అదే నాకు సిగ్గు. లెమ్మన్నారు, లేస్తాం. మాకు తెలిసిన పని అదొక్కటే.

లేచాను.

ముందు ఆయన గ్లాసులో టీ వణికింది. తర్వాత నేల మీది తెల్ల దారాలన్నీ ఒక్కసారిగా బిగిశాయి. పాతిన గుంజలు కిర్రుమన్నాయి. ఆ తర్వాత బయట, నలభై ఎకరాల్లోనూ ఒకేసారి, తడిగుడ్డ చింపుతున్న చప్పుడు మొదలయింది. మస్తాన్‌వలీగారు గుమ్మంలోకి పరుగెత్తి, చెట్ల వైపు చూసి, అక్కడే నిలబడిపోయారు. కింద నుంచి బుల్లెమ్మ గొంతు వినిపించింది. "తాయారమ్మా! ఏం సేత్తన్నావే! తాయారమ్మా!"

ఆయన నావైపు తిరిగారు.

"కూర్చోండమ్మా" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. సంతకం పెట్టిన కాగితం చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాను.

"కూర్చోండమ్మా, మీకు దండం పెడతాను. ఎక్కడికీ వెళ్ళకండి. ఇక్కడే ఉండండి." కాగితం నా చేతిలోంచి లాక్కుని ఆయనే చింపేశారు. నిజంగానే రెండు చేతులూ జోడించారు.

కూర్చున్నాను. కొంతసేపటికి చప్పుడు తగ్గింది. టీ గ్లాసులో అలలు ఆగాయి.

ఆయన గుసగుసగా అడిగారు, తనైనా వెళ్ళచ్చా అని. వెళ్ళచ్చు, మీరెవరో దానికి తెలీదు, అన్నాను. జీపు మూడో మలుపు దాటే దాకా విన్నాను.

సర్కారు మనిషి ఒకరు వచ్చి, ఇక్కడే ఉండండి అనాలని మా నాన్న, పైకి అనకపోయినా, పదకొండు వానాకాలాలు ఎదురుచూశాడు. ఆ మాట ఇవాళ నేను విన్నాను. సత్యవేణికి ఫోన్ చేసి, ఇక నేను రాలేను, నువ్వే రావాలి అని చెప్పాలి.